ఆ ఇంట్లో అనని మాట

ముందు గాలి వినిపిస్తుంది.

మనిషి తర్వాత.

ప్రతి టేపూ అంతే. మీట నొక్కగానే ఓ ఖాళీ గది, ఓ కుర్చీ కిర్రుమనడం, సరిగా మూతపడని కిటికీ సందులోంచి దూరే గాలి. ఈల కాదు. ఏడుపూ కాదు. ఎవరో మాట మొదలుపెట్టబోయి, ఊపిరి తీసుకుని, మానేసినట్టు ఉంటుంది...

ఆ గాలిని ఆయన ఎప్పుడూ వినలేదు. మీట నొక్కి ముందుకు తోసేసేవాడు.

గాలిలో క్రియలుండవు కదా.

ఆయన్ని అందరూ చుక్కల మాస్టారు అంటారు. యూనివర్సిటీ మూడో అంతస్తులో మెట్ల పక్క గది ఆయనది. గోడ నిండా సొరుగులు. సొరుగు నిండా అట్టముక్కలు. ఒక్కో అట్ట మీద ఒక్కో క్రియ. ఎప్పుడో మూడు వేల ఏళ్ల కింద, పాత ఇరానీ జనం ఎలా నడిచారో, ఎలా మోశారో, ఎలా చచ్చారో చెప్పే క్రియలు. రాళ్ల మీద, మంత్రాల్లో దొరికినవి కొన్ని. దొరకనివి ఎక్కువ. దొరకని వాటిని వాటి సంతానాన్ని బట్టి కట్టాలి — మునిమనవడి ముక్కు చూసి ముత్తాత ముక్కు గీసినట్టు. అలా కట్టిన మాట ముందు ఓ చిన్న చుక్క పెడతారు. నక్షత్రం గుర్తు.

దాని అర్థం ఒక్కటే. ఈ మాట ఎవరూ వినలేదు. మేం ఊహించాం.

నిజాయితీగల చుక్క అది. ఆ చుక్క పెట్టినంతకాలం ఆయన మంచివాడే.

బర్ — మొయ్యడం. పర్షియన్‌లో బుర్దన్. మన భారంలో ఉన్నదీ ఆ నెత్తురే.

మర్ — చావడం. పర్షియన్‌లో ముర్దన్. మన మరణానికి మేనత్త.

గమ్ — కదలడం. ముందు 'ఆ' చేరిస్తే ఇటు కదలడం, అంటే రావడం. పర్షియన్ నోట నలిగి నలిగి ఆమద్ అయింది. కుర్దుల నోట హాత్ అయింది. మన దగ్గర ఆగమనం అయింది, ఆగంతకుడు అయింది, స్వాగతమై గుమ్మాల మీదికెక్కి కూర్చుంది.

ఇంతమంది పిల్లల్ని కన్న మాట అది. ముప్పై ఏళ్లుగా ఆయన ఆ పిల్లల్ని వెతుకుతున్నాడు. ఎవరు ఏ కొండ దాటి ఏ లోయలో స్థిరపడ్డారో రాసుకుంటున్నాడు. ఒక్క పిల్ల మాత్రం దొరకలేదు. మంచుకొండల నడుమ ఓ లోయ ఉంది. ఆ లోయ భాష మీద ఉన్నది ఒకే ఒక పాత పుస్తకం. అందులో యాభై ఎనిమిది క్రియలున్నాయి. తినడం ఉంది, పాలు పితకడం ఉంది, దొంగిలించడం కూడా ఉంది. రావడం లేదు.

పుస్తకం రాసినవాడు మర్చిపోయాడనుకున్నాడు మాస్టారు. పండితులు ఇంకో పండితుణ్ణి అనుమానించినంత తేలిగ్గా తమని తాము అనుమానించుకోరు.

కాబట్టి తనే కట్టాడు. ఓయత్. ఆ లోయలో 'వచ్చాడు' అంటే ఇలాగే ఉండి తీరాలి. అట్ట మీద రాసి, ముందు చుక్క పెట్టి, సొరుగులో పెట్టాడు.

ఇంతవరకు ఎవరికీ నష్టం లేదు. చచ్చిన మాటలకి సేవ చేసుకుంటూ ముసలాడైపోయేవాడు.

కానీ సరిహద్దు ఆఫీసుకి ఆయన చెవి కావాల్సి వచ్చింది.

కొండల అవతల కాల్పులు. ఊళ్లకి ఊళ్లు దిగి వస్తున్నాయి. లోయవాళ్లయితే ఉండనిస్తారు — అక్కడ ఇళ్లు తగలబడ్డాయని ఆఫీసుకీ తెలుసు. లోయ కింది మైదానం వాళ్లయితే ఉండనివ్వరు — అక్కడ ఏ గొడవా లేదని ఆఫీసు నమ్మకం. కాగితాలు ఎవరి దగ్గరా లేవు. తగలబడే ఇంట్లోంచి పిల్లల్ని లాక్కొస్తారా, కాగితాలు లాక్కొస్తారా? అందుకని, సరే, నీ నోరే కాగితం అన్నారు. మనిషిని ఓ గదిలో కూర్చోబెడతారు. ఎదురుగా టేపు పెడతారు. నలభై నిమిషాలు ఏదో ఒకటి మాట్లాడమంటారు. నీ ఇల్లు, నీ పశువులు, నీ పొయ్యి — ఏదైనా. ప్రశ్న వేసేవాళ్లుండరు. ఊ కొట్టేవాళ్లుండరు. గోడకి చెప్పుకోవాలి.

ఆ గది గుమ్మం మీద పెద్ద అక్షరాలతో స్వాగతం అని ఉంటుంది.

టేపు మాస్టారి దగ్గరికి వస్తుంది. ఆయన చెప్పాలి — లోయా, మైదానమా. ఒక్క మాట. కింద సంతకం.

ఆయనకి ఓ పద్ధతి ఉంది. మొదటి పన్నెండు నిమిషాలు చాలంటాడు. మనిషి అంతకన్నా ఎక్కువసేపు నాలుకని దాచలేడంటాడు. ఆ పన్నెండు నిమిషాలూ దుబాసీ ఆవిడ కాగితం మీద పెడుతుంది. ఆవిడ మైదానం మనిషి. సంతలో లోయవాళ్లతో బేరాలాడి, తిట్టుకుని, మళ్లీ బేరాలాడి వాళ్ల భాష నేర్చుకుంది. ఆవిడ రాసిచ్చిన కాగితం మీద ఆయన ఎర్ర పెన్సిలుతో క్రియలకి సున్నా చుడతాడు. మిగతాదంతా తవుడు. 'ఇల్లు కాలింది' అని ఎవరైనా అంటే ఆయన కంటికి 'కాలు' కనపడుతుంది.

ఇల్లు కనపడదు.

"మిగతాది రాయక్కర్లేదా మాస్టారూ? పాపం, ఏదో చెప్పుకుంటోంది."

"ఏం చెప్తోందో మనకెందుకమ్మా. ఎలా చెప్తోందో కావాలి."

"మీరు చావు కబురు మోసుకొచ్చినవాణ్ణి కూడా కూర్చోబెట్టి, ఇందులో క్రియ ఏదీ అని అడిగే రకం."

ఆయన నవ్వాడు కూడా. మెచ్చుకుందనుకున్నాడు.

లోయ మనుషులమని చెప్పుకున్న టేపులు అప్పటికి పదిహేడు వచ్చాయి. పదిహేడింటిలోనూ తినడం లోయలాగే ఉంది. పాలు పితకడం లోయలాగే ఉంది. చావడం లోయలాగే ఉంది. రావడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం పదిహేడు మందీ ఒకటే అన్నారు — కెల్. అది మైదానం మాట. ఇరానీ రక్తమే కాదు. పరాయి మాట.

వంటింటి మాటలు, కన్నీటి మాటలు ఏ జాతీ అరువు తెచ్చుకోదు. రావడం, పోవడం, పుట్టడం, చావడం — ఇవి ఇంట్లో ఉండే మాటలు. పుస్తకాల్లో అలాగే ఉంది. కాబట్టి వీళ్లు లోయవాళ్లు కారు. లోయ భాష నేర్చుకుని వచ్చిన మైదానం వాళ్లు. అన్నీ నేర్చుకున్నారు, ఇదొక్కటి దొరికిపోయింది...

పదిహేడు మంది బతికున్న మనుషులు ఒకవైపు. ఎవరూ ఎప్పుడూ వినని ఒక చుక్క మాట ఒకవైపు.

ఆయన చుక్క వైపు నిలబడ్డాడు.

పదిహేడో టేపు ఒక తల్లిది. నలభై దాటిన గొంతు, పొగ తిన్న గొంతు. మేకల గురించి చెప్పింది. పన్నెండు నిమిషాల్లో ఏడుసార్లు కెల్ అంది. ఏడు సున్నాలు చుట్టాడు. నివేదిక రాశాడు — 'వచ్చు అనే క్రియకు మైదానపు రూపమే వాడింది. లోయ మనిషి కాదు, నిస్సందేహంగా.'

ఆ నిస్సందేహం ముందు చుక్క పెట్టలేదు. పెట్టాల్సింది అక్కడే.

లారీ ఎక్కించారు. కొండ దారిలో చెక్‌పోస్టు దాకా తీసుకెళ్లి దింపారు. దించినట్టు పుస్తకంలో రాసుకున్నారు. ఆ తర్వాత ఆమె ఎటు నడిచిందో రాసుకునే పుస్తకం ఏ ఆఫీసులోనూ లేదు. కూతురికి ఆ వారం జ్వరం. ఆసుపత్రి మంచం మీద ఉంది కాబట్టి ఆ పిల్ల ఫైలు పక్కన పెట్టారు. పందొమ్మిదేళ్ల పిల్ల.

పదకొండు నెలలు పక్కనే ఉంది ఆ ఫైలు.

తర్వాత టేపు వచ్చింది.

గాలి. మీట. ముందుకి.

సన్నటి గొంతు. తొందర తొందరగా మాట్లాడుతోంది. మా చిన్నాన్న వచ్చాడు అంది. మంచు వచ్చింది అంది. మేకలు వచ్చాయి, చుట్టాలు వచ్చారు, వసంతం వచ్చింది...

ఓయత్.

మాస్టారి చేతిలో పెన్సిలు ఆగిపోయింది.

వెనక్కి తిప్పాడు. విన్నాడు. మళ్లీ తిప్పాడు. ఓయత్. ముప్పై ఏళ్లు. అచ్చు ఆయన కట్టినట్టే, ఆయన సొరుగులోంచి లేచి వెళ్లి ఆ పిల్ల నోట్లో కూర్చున్నట్టే... పన్నెండు నిమిషాల్లో తొమ్మిదిసార్లు. తొమ్మిది సున్నాలు చుట్టాడు. సొరుగు లాగాడు. అట్ట తీశాడు. బ్లేడుతో చుక్కని గీకేశాడు.

అట్ట మీద చిన్న గాయం మిగిలింది. ఆయన దాన్ని వేలితో తడిమి మురిసిపోయాడు.

ఇంటికి పోయి అక్కకి చెప్పాడు. అక్క ఆయనకన్నా తొమ్మిదేళ్లు పెద్దది. మొగుడు పోయాక తమ్ముడి దగ్గరే ఉంటోంది. పెళ్లి మాటెత్తని తమ్ముణ్ణి, బతిమాలి, తిట్టి, ఇక విసిగిపోయి వదిలేసింది.

"దొరికిందక్కా!"

"ఏంటి, గొడుగా?"

"గొడుగు కాదు. క్రియ."

"అది నెత్తిన పెట్టుకుంటే వాన ఆపుతుందా? గొడుగు వెతుక్కో, పో."

ఆయన ఆనందానికి అదేం అడ్డం కాలేదు. నివేదిక రాశాడు. 'లోయ మనిషే, నిస్సందేహంగా.' సంతకం పెట్టాడు. పిల్లని ఉంచాలో పంపాలో తేల్చే విచారణకి ఇంకా తొమ్మిది రోజుల గడువుంది.

అక్కడితో ఆగిపోయేవాడే. ఆశ ఆగనివ్వలేదు. పండితుడి ఆశ, అందులోనూ ముసలి పండితుడి ఆశ. ఓయత్ దొరికింది సరే, దాని తోబుట్టువులో? వస్తున్నాను అంటే ఎలా ఉంటుంది? రాకు అంటే? వస్తారా అంటే? నలభై నిమిషాల్లో ఎక్కడో ఉంటాయి. మొదటిసారిగా ఒక టేపు మొత్తం రాసివ్వమని దుబాసీకి చెప్పాడు.

"మొత్తమే?" అంది ఆవిడ. "సూర్యుడు ఎటు పొడిచాడు ఇవాళ?"

రెండు రోజుల తర్వాత కాగితాలు తెచ్చింది. బల్ల మీద పెట్టింది. కూర్చోలేదు. రోజూ వచ్చీరాగానే కుర్చీ లాక్కుని కాళ్లు చాపే మనిషి... నిలబడే ఉంది.

"ముప్పై మూడో నిమిషం చదవండి."

"క్రియ ఉందా?"

"చదవండి మాస్టారూ."

చదివాడు. పెన్సిలు పట్టుకునే చదివాడు. పెన్సిలు ఎక్కడా వాలలేదు.

మా అమ్మని పంపేసిన కాగితం చదివించుకున్నాను. ఒక మాట అనలేదని పంపేశారట.

మా ఇంట్లో ఆ మాట అనం.

నాన్నని తీసుకెళ్లి ఆరేళ్లు. ఇంట్లోంచి పోయినవాడు తిరిగి గుమ్మం తొక్కేదాకా ఆ మాట వాడిది. ఇంకెవరూ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే వాడి రాకని మనం వాడేసుకున్నట్టు. వాడికిక మిగలదు. అవసరం పడితే కిందివాళ్ల మాట అరువు తెచ్చుకుని పని కానిచ్చుకుంటాం.

అమ్మ ఆరేళ్లు కాపలా కాసింది ఆ మాటకి. ఈ గదిలో కూడా కాసింది.

నేను కాయలేదు. ఇవాళ తొమ్మిదిసార్లు అన్నాను. మీరు వింటారని అన్నాను.

నాన్నా... నీ రాక నేను తినేశాను.

అంతే ఉంది. తర్వాత ఏడు నిమిషాలకి దుబాసీ ఒకటే రాసింది — గాలి.

"నీకు తెలియదా ఇది?" అన్నాడు మాస్టారు.

"మాకెలా తెలుస్తుంది? సంతకొచ్చి మా మాటే మాట్లాడుతుంటే మాకోసం మాట్లాడుతున్నారనుకున్నాం. ఇంట్లో ఏం దాచుకున్నారో కిందివాళ్లకి చెప్తారా?" ఆవిడ కొంగుతో మూతి తుడుచుకుంది. "మీరు పన్నెండు చాలన్నారు. నేనూ పన్నెండే రాశాను. ఇద్దరం కలిసే చేశాం మాస్టారూ. మీ ఒక్కరినే అనడం లేదు."

కొన్ని ఓదార్పులు తిట్టుకన్నా లోతుగా దిగుతాయి.

ఆవిడ వెళ్లాక ఆయన పదిహేడో టేపు తీశాడు. ఆ తల్లిది. దుమ్ము పట్టి ఉంది. పన్నెండో నిమిషం దగ్గర ఆగి ఉంది, ఆయన ఆపిన చోటే. అక్కణ్ణుంచి కదిపాడు. ఆయనకి ఆ భాష అతుకుల బొంత. అయినా ఈసారి క్రియ వెతకలేదు. విన్నాడు. అర్థమైనచోట విన్నాడు, కానిచోట కూడా విన్నాడు.

ముప్పై ఒకటో నిమిషంలో ఆమె చెప్పింది. కూతురు చెప్పిందే. ఇంకా నెమ్మదిగా, ఇంకా వివరంగా. అక్కడ కూర్చున్నది ఎవరో మర్యాదస్తుడనీ, తన మాట వింటున్నాడనీ నమ్మి చెప్పింది. పరాయి మాట వాడుతున్నందుకు తప్పుగా అనుకోవద్దంది. మా ఆయన వచ్చాక సరిగ్గా మాట్లాడతాను అంది. ఆ 'వచ్చాక' కూడా పరాయి మాటతోనే అంది.

తప్పుగా అనుకోవద్దంది!

ముప్పై ఆరో నిమిషంలో చెప్పాల్సింది అయిపోయింది. టైము ఇంకా ఉంది. లేచి పోవచ్చని ఆమెకెవరూ చెప్పలేదు. నాలుగు నిమిషాలు అలా కూర్చుంది. టేపులో నాలుగు నిమిషాలు గాలి.

ఆయన నాలుగు నిమిషాలూ విన్నాడు.

తర్వాత మిగతా పదహారు తీశాడు. తియ్యక్కర్లేదు, తెలిసిపోయింది. ఎవరూ తప్పిపోని ఇల్లు ఇంతదూరం ఎందుకు వస్తుంది? కొడుకు పోయినవాళ్లు, మొగుడు పోయినవాళ్లు, అన్న పోయినవాళ్లే కదా కొండ దిగేది. ఎవరి ఇల్లు నిజంగా కాలిందో వాళ్లే ఆ మాట అనరు. ఆయన జల్లెడ అంత గొప్పగా పనిచేసింది. సరిగ్గా ఎవరిని ఉంచాలో వాళ్లనే ఏరి ఏరి లారీ ఎక్కించింది. అబద్ధాలకోరెవడైనా ఆయన సొరుగులోని అట్ట చూసుకుని వచ్చి ఓయత్ అని ఉంటే తలుపులు తీసి లోపలికి పిలిచేది.

చదువంటే ఇదీ.

ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. వంటింట్లోంచి అక్క కేకేసింది.

"ఒరేయ్, నూనె నిండుకుంది. రేపు తే."

ఆయన తలెత్తాడు.

నిండుకుంది. అరవై ఏళ్లుగా వింటున్నాడు. సీసా ఖాళీ అయితే ఈ ఇంట్లో ఖాళీ అనరు. అమ్మ అనలేదు, అక్క అనదు. లేదు అంటే నిజంగానే లేకుండా పోతుందని భయం. దీపం ఆరిందనరు, కొండెక్కిందంటారు. ఆయన గుమ్మం దాటేటప్పుడు వెళ్తానక్కా అంటే చెవి మెలిపెట్టి వస్తాననిపించేది. ఇంత భయం మధ్య పుట్టి, ఇంత భయం తిని పెరిగి — ఇంకో ఇంటి భయాన్ని పట్టుకుని దొంగ అన్నాడు.

"ఏమైందిరా? మొహం అలా ఉందేం?"

చెప్పాడు. అంతా చెప్పాడు. అక్క గరిటె పట్టుకునే విన్నది. సానుభూతి చూపిస్తుందనుకున్నాడేమో... అక్క ఆ రకం కాదు.

"ఇప్పుడేం చేస్తావ్?"

"తల్లి విషయంలో నాది తప్పని రాసిస్తాను. వెతికించి వెనక్కి తీసుకురమ్మంటాను."

మర్నాడు పొద్దున్నే సరిహద్దు ఆఫీసరుకి ఫోన్ చేశాడు. ఆఫీసరు చెడ్డవాడేం కాదు. పొద్దున పిల్లల్ని బడికి దింపి, తొమ్మిదికల్లా సీట్లో కూర్చునే మనిషి. ఓపిగ్గా విన్నాడు.

"మాస్టారూ, మీ మంచికే చెప్తున్నా. తల్లి ఫైలు తెరవాలంటే మీ రిపోర్టు తప్పని రాయాలి. మీ రిపోర్టు తప్పయితే మీ మాట చెల్లదు. మీ మాట చెల్లకపోతే కూతురికిచ్చిన కాగితమూ చెల్లదు. ఆ పిల్లకున్నది ఆ కాగితం ఒక్కటే. అవునా?"

"అవును."

"మరి మాట్లాడకుండా ఊరుకోండి. పిల్ల బతికిపోతుంది."

"మరి తల్లి?"

"ఏ తల్లి?"

ఎగతాళి కాదు. నిజంగానే అడిగాడు. ఫైలు నంబరు చెప్పమని అడిగాడు.

ఆ సాయంత్రం అక్క ముందు ఈ చిక్కంతా విప్పాడు. నిజం చెప్తే కూతురు పోతుంది. చెప్పకపోతే తల్లి ఎప్పటికీ అబద్ధాలకోరుగానే ఉండిపోతుంది, వెతికే నాథుడుండడు. అటా, ఇటా? గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకి నడుస్తూ చెప్పాడు, ఏదో గొప్ప ధర్మసందేహం తన నెత్తిన పడ్డట్టు.

"తల్లిని తోలేసిందీ నీ నోరే. పిల్లని ఉంచేదీ నీ నోరేనా? కూర్చో, కళ్లు తిరుగుతున్నాయి నాకు," అంది అక్క. "అడిగావా?"

"ఎవర్ని? ఆఫీసర్నా?"

"పిల్లనిరా. నీ క్రియని కాదు. పిల్లని."

అడగలేదు. ఆ పిల్లకి మొహం ఉంటుందని కూడా తట్టలేదు ఆయనకి.

విచారణ రోజు గంట ముందే వెళ్లాడు. పొడుగాటి వసారా. గోడకానించి చెక్క బెంచీ. చివర కిటికీకి అద్దం లేదు, అట్ట అడ్డం పెట్టారు. గాలికి అట్ట కొట్టుకుంటోంది.

పిల్ల బెంచీ అంచున కూర్చుని ఉంది. పెద్ద స్వెట్టరు, ఎవరిదో. గోళ్లు చర్మం దాకా కొరికేసి ఉన్నాయి. దుబాసీ ఆవిడ మధ్యలో కూర్చుంది. మాస్టారు నిలబడ్డాడు. తనెవరో చెప్పమన్నాడు. దుబాసీ చెప్పింది. పిల్ల ఆయన బూట్ల వంక చూసింది. తర్వాత ఏదో అడిగింది.

"మా అమ్మ గొంతు మీ దగ్గరుందట, నిజమేనా అంటోంది."

"ఉంది."

"మొత్తమా?"

"నలభై నిమిషాలూ."

"విన్నారా అంటోంది."

ఇంతకన్నా సూటి ప్రశ్న ఆయన్ని ఏ పండితసభా అడగలేదు.

"ఇప్పుడు విన్నాను," అన్నాడు. "అప్పుడు వినలేదు."

దుబాసీ చెప్పింది. పిల్ల మొహంలో ఏమీ మారలేదు. కోపం వస్తుందనుకున్నాడు. కోపానికి కూడా కాస్త ఒంట్లో ఓపిక ఉండాలి. ఆఫీసరు అన్నది అన్నట్టు చెప్పాడు ఆయన, ఏదీ దాచకుండా. నేను నోరు విప్పితే నీ కాగితం చిరుగుతుందమ్మా. విప్పకపోతే మీ అమ్మ పేరు మీద అబద్ధం మిగులుతుంది. నువ్వే చెప్పు.

గాలి అట్టని లోపలికి నెట్టింది. వదిలింది.

పిల్ల దుబాసీతో మాట్లాడింది. నాలుగైదు మాటలు. దుబాసీ ఆయన వైపు తిరిగింది.

"నేను చెడ్డపని చేసి మిగిలాను, అమ్మ మంచిపని చేసి పోయింది. ఇంకా నన్నెందుకు అడుగుతారు... అంటోంది." ఆగింది. "అమ్మది ముందు వినిపించమంటోంది. మొత్తం. తను కూడా వింటుందట."

లోపలికి పిలిచారు.

బల్లకి అటు ముగ్గురు. మధ్యలో ఆఫీసరు. ఇటు పిల్ల, దుబాసీ, మాస్టారు. గోడ మీద గడియారం. మంచినీళ్ల సీసా, ఎవరూ తాగని గ్లాసులు. ఆఫీసరు మాస్టారి వైపు చూశాడు — ఊరుకుంటారు కదా అన్నట్టు.

మాస్టారు ఊరుకోలేదు.

తల్లి లోయ మనిషి అన్నాడు. మిగతా పదహారు మందీ లోయ మనుషులే అన్నాడు. తప్పు నాది, పద్ధతి నాది, సంతకం నాది. ముప్పై ఏళ్లుగా ఆ భాష చదువుకున్నాను, ఆ భాష మాట్లాడే ఒక్క మనిషినీ వినలేదు అన్నాడు. అందంగా ఏమీ అనలేదు.

ఆఫీసరు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాడు.

"తల్లి గురించి నిస్సందేహంగా అని రాశారు. కూతురి గురించీ నిస్సందేహంగా అనే రాశారు. ఏ నిస్సందేహాన్ని నమ్మమంటారు మాస్టారూ?"

"ఏదీ నమ్మకండి."

"మరి?"

"నన్ను తీసి పక్కన పెట్టండి. వాళ్లని వినండి."

ఎడమ పక్కనున్నాయన గడియారం చూశాడు. కుడి పక్కనావిడ కలం మూసింది, మళ్లీ తీసింది. మాస్టారి మాట చెల్లదని రాసుకున్నారు. చెల్లదని రాసుకునేటప్పుడు కాగితం మీద కలం చప్పుడు అందరికీ వినపడింది. పిల్లకి అర్థం కాకపోయినా వినపడింది. ఇక ఆ పిల్లకి ఈ గదిలో కాగితం లేదు. నోరొక్కటే ఉంది. బల్ల మీద పెట్టిన ఒక టేపు ఉంది.

"ఎంతసేపు?" అన్నాడు ఆఫీసరు.

"నలభై నిమిషాలు," అన్నాడు మాస్టారు. "తర్వాత ఈ అమ్మాయిది నలభై."

"అంత టైము..."

"పదకొండు నెలలైంది సార్," అంది దుబాసీ. ఎవరూ ఆవిణ్ణి అడగలేదు. "ఆ పిల్ల తల్లి గొంతు విని."

ఆఫీసరు టేపు వంక చూశాడు. వద్దు అనలేదు. సరే కూడా అనలేదు. చేత్తో ఊ కానివ్వండన్నట్టు ఓ సైగ చేసి కుర్చీలో వెనక్కి వాలాడు.

మాస్టారు మీట నొక్కాడు.

పిల్ల బల్ల మీదికి వంగింది. ఇంకా వంగింది. ఆమె నుదురు ఇంచుమించు ఆ యంత్రానికి తగిలింది. రెండు చేతులూ ఒళ్లో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. పెదాలు గట్టిగా బిగించుకుంది, ఇకమీదట లోపలినుంచి ఏదీ తప్పించుకుపోకూడదన్నట్టు.

కుర్చీ కిర్రుమంది. ఆ గదిలోదో, ఈ గదిలోదో...

తర్వాత గాలి.

కొండ మీంచి దిగి, సందులోంచి దూరి, ఏడాది కింద ఓ ఆడమనిషి చుట్టూ తిరిగిన గాలి. ఎవరూ కదల్లేదు. ఒకరు ఊపిరి తీసుకున్నట్టుంది. మొదలుపెట్టబోతున్నట్టుంది.

గాలి వీస్తూనే ఉంది.

మాట ఇంకా రాలేదు.